చక్రం మీటర్ల చివరి రోజులు

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేరుతున్న పిల్లలకు మేం తయారుచేసిన వస్తువు ఎలా ఉండేదో చెప్పాలంటే కొంచెం కష్టమే. ఇంటి గుమ్మం పక్కన గోడకు నల్లటి బేకలైట్ పెట్టె ఒకటి ఉండేది. దానికి ముందు అద్దం, అద్దం వెనక అల్యూమినియం చక్రం. ఫ్యాను వేస్తే చక్రం మెల్లగా తిరిగేది, ఇస్త్రీపెట్టె పెడితే గబగబా తిరిగేది. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిన నెల ఇంటాయన అన్ని స్విచ్చులూ ఆపించి, ఇంకా తిరుగుతోందేమోనని దానివైపు అనుమానంగా చూసేవాడు.

ఆ చక్రం న్యాయంగా తిరిగేలా చూడటమే నా ఉద్యోగం. మేడ్చల్ దాటాక హైవే మీంచి లోపలికి వెళ్ళే దారిలో ఉన్న ఒక మీటర్ల కంపెనీలో టెస్టింగ్ విభాగం నాది. తెనాలి దగ్గర పల్లెనుంచి ఈ పని కోసమే వచ్చాను. అక్కడే కాలనీలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాను, అక్కడే రిటైరయ్యాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. అది ఎలా పోయిందని కుర్రవాళ్ళు అడిగితే ఒకప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పేసేవాణ్ణి: ఎలక్ట్రానిక్ మీటర్లొచ్చాయి, మేం మారలేదు, మూతపడింది. వయసు పెరిగేకొద్దీ ఆ నాలుగు ముక్కలూ నాకే నచ్చడం మానేశాయి. మేం మారడానికి ప్రయత్నించాం. అదీ చెప్పాలి కదా.

మా యజమాని సికింద్రాబాద్ గల్లీలో పాడైన మీటర్లు బాగుచేస్తూ మొదలుపెట్టిన మనిషి. కృష్ణా జిల్లావారు. పెద్దసారు అనేవాళ్ళం. ఏ మీటరైనా చెవి దగ్గర పెట్టుకుని వినడం ఆయనకు అలవాటు. లోపల ఏదైనా ఒరుసుకుంటుంటే ఆ శబ్దం తెలుస్తుందట. నాకెప్పుడూ ఏమీ వినపడలేదు. వినపడినట్టు తలాడించేవాణ్ణి.

కంపెనీకి ప్రాణం అడ్జస్ట్‌మెంట్ హాలు. చక్రం ఇరుసు కింద ఆవగింజంత గట్టి రాయి ఒకటి ఉంటుంది. చక్రం బరువంతా దానిమీదే. అందులో కంటికి కనపడనంత దుమ్ము పడ్డా చక్రం నెమ్మదిస్తుంది. అందుకని ఆ హాల్లోకి చెప్పులు విడిచి, తలకు గుడ్డ కట్టుకుని వెళ్ళాలి. కిటికీలు తెరవకూడదు. వరసగా బల్లలు, బల్లల ముందు ఆడవాళ్ళు. సన్నటి చిమటాతో రాయిని పట్టుకుని దాని గూట్లో కూర్చోబెట్టి, దానిమీద ఇరుసు నిలిపి, పక్కనున్న అయస్కాంతాన్ని జరుపుతూ చక్రం వేగం సరిచేసేవాళ్ళు. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేవాళ్ళు.

ఆ హాలుకు ఇన్‌ఛార్జి దగ్గర్లోని రావల్‌కోల్ ఊరినుంచి వచ్చే ఆవిడ. ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు ఇటుకలు మోయడానికి కూలికొచ్చి, గోడలు లేచాక లోపలే పనిలో చేరింది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నదే అయినా అందరితోపాటు నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. హాల్లోని వాళ్ళలో సగం మంది ఆమె తెచ్చి నేర్పించినవాళ్ళు. కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి వారం మీటరు ముట్టుకోనిచ్చేది కాదు. చిమటాతో ఆవాలు ఏరించేది. విసుక్కుని మానేసినవాళ్ళు మానేసేవాళ్ళు. మిగిలినవాళ్ళ చేతులు ఇక వణికేవి కావు.

తొంభైల మధ్యలో ఎలక్ట్రానిక్ మీటరు మాట మొదలైంది. చక్రం లేదు, రాయి లేదు, లోపల ఒక చిప్పు, బయట అంకెలు. ఎవరో తెచ్చిన ఒక నమూనాను పెద్దసారు అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు విని, బల్లమీద పెట్టేశారు.

మేం మొదట చేసిన పని మా మీటరును ఇంకా మెరుగు చేయడం. రాయి మార్చాం, అయస్కాంతం మార్చాం, చక్రం బరువు తగ్గించాం. రెండేళ్ళు నిజంగా సంతోషంగా పనిచేశాం. మా మీటరుకు వంక పెట్టేవాళ్ళు లేకుండా పోయారు.

అలాగని పెద్దసారు కళ్ళు మూసుకుని కూర్చోలేదు. షామీర్‌పేటలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఎలక్ట్రానిక్ మీటరు తయారుచేయడానికి వేరే చిన్న యూనిట్ పెట్టారు. దానికి వరంగల్ వైపు అబ్బాయి ఒకర్ని ఇంజినీరుగా తీసుకున్నారు. ముప్పై నిండని వయసు, మాట తక్కువ. మేడ్చల్ వాళ్ళెవరూ అందులో వేలు పెట్టకూడదని పెద్దసారు అందరి ముందూ చెప్పారు. ఆలోచన మంచిదే. కొత్త మొక్కను పెద్ద చెట్టు నీడలో పెట్టకూడదని ఆయనకు తెలుసు. కానీ షెడ్డు వేరైనంత మాత్రాన యూనిట్ వేరైపోదు. పరీక్ష యంత్రాలు మా దగ్గరే ఉన్నాయి, సామాన్లు కొనేవాళ్ళు మా దగ్గరే ఉన్నారు, సంతకాలు మా దగ్గరే అయ్యేవి. ఇంజినీరు స్కూటరు మీద వారానికి రెండు మూడుసార్లు మేడ్చల్ వచ్చి, మా పని ఖాళీ అయ్యేదాకా కుర్చీలో కూర్చునేవాడు.

అసలు చిక్కు పెట్టె దగ్గర వచ్చింది. అతను తన మీటరుకు కొత్త ప్లాస్టిక్ పెట్టె అడిగాడు. మా ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకోలేదు. బేకలైట్ పెట్టెలు పోసే ప్రెస్సులు మన దగ్గరుండగా ఇంకో పెట్టె ఎందుకు, పైగా జనానికి అలవాటైన ఆకారం అన్నాడు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది, నాకూ తోచింది. కానీ ఆ పెట్టె లోపలి గూళ్ళు, దిమ్మెలు అన్నీ చక్రం కోసం చేసినవి. అందులో ఇమడటానికి ఇంజినీరు తన సర్క్యూట్ బోర్డును రెండు ముక్కలు చేసి, వైర్లతో కలపాల్సి వచ్చింది. ఆ వైర్లు కరెంటు లోపలికొచ్చే చోటుకు మరీ దగ్గరగా వెళ్ళేవి. అది తనకు ఇష్టం లేదని అతను ఒకసారి నాతో అన్నాడు. ముందు ఇలా కానిచ్చి, పని చేస్తుందని చూపిస్తే కొత్త పెట్టె దానంతటదే వస్తుందని సర్ది చెప్పాను. పెద్దవాళ్ళు చెప్పే మాటే అది.

అనుమతులు తీసుకుని, దేవరయాంజాల్‌లో కొన్ని ఇళ్ళకు ఆ మీటర్లు ప్రయోగంగా బిగించాం. నేనూ ఇంజినీరూ కలిసి చూడ్డానికి వెళ్ళాం. సీతారామస్వామి గుడి వెనక వీధిలో ఒక ముసలావిడ మీటరు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆమె బాధ చక్రం గురించి.

"తిరుగుతలేదు బిడ్డా. తిరగకుంట ఎట్ల లెక్కవెడ్తది? ఎట్ల నమ్మాలె?"

ఇంజినీరు ఆమె పక్కన గచ్చుమీద చతికిలబడి, లైటు వేయించి, మిణుకుమనే చిన్న ఎర్ర దీపం చూపించి, చక్రం ఒకసారి తిరగడమంటే ఇది ఒకసారి వెలగడమేనని ఓపిగ్గా చెప్పాడు. ఆమె చాలాసేపు ఆ దీపాన్నే చూసింది. నమ్మిందో లేదో గాని మజ్జిగ ఇచ్చింది. తిరిగి వస్తుంటే అతని ముఖంలో నేను మొదటిసారి నవ్వు చూశాను. మీటర్లు బాగా పనిచేస్తున్నాయి. ఎండాకాలం వేడికి కూడా ఏమీ కాలేదు.

మే నెలలో గాలివాన వచ్చింది. ఆ వైపు ఒకటే ఉరుములు, పిడుగులు. మర్నాడు పొద్దున్నే ఇంజినీరు దేవరయాంజాల్ వెళ్ళాడు. దాదాపు అన్ని మీటర్లూ చచ్చిపోయాయి. తీగల్లోంచి వచ్చిన దెబ్బకు ఆ రెండు బోర్డుల మధ్య వైర్ల దగ్గరే నిప్పు రవ్వలు లేచి మాడిపోయాయి. అవే స్తంభాల మీది పక్క ఇళ్ళలో మా పాత చక్రాలు హాయిగా తిరుగుతున్నాయి.

ఆ పొద్దునే మాకు ఇంకో కబురు వచ్చింది. పొరుగు రాష్ట్రం విద్యుత్ బోర్డు నుంచి చక్రం మీటర్లకు చాలా పెద్ద ఆర్డరు, మా కంపెనీ చరిత్రలోనే పెద్దది. మేనేజరు లడ్డూలు తెప్పించి హాల్లో పంచుతున్నాడు. మాడిన మీటర్లున్న గోనెసంచి భుజాన వేసుకుని ఇంజినీరు గేటులోంచి లోపలికొచ్చేసరికి అందరి చేతుల్లోనూ లడ్డూలు ఉన్నాయి. ఎవరో అతనికీ ఒకటి ఇచ్చారు. సంచి దించకుండానే తీసుకున్నాడు. తిన్నట్టు గుర్తు లేదు.

ఆ మధ్యాహ్నం పెద్దసారు గదిలో కూర్చున్నాం. పెద్దసారు, మేనేజరు, ఇంజినీరు, నేను. ఆర్డరు గడువులోపు హాలు చేయగలదో లేదో చెప్పడానికి అక్కను కూడా పిలిచారు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ తెలివితక్కువగా మాట్లాడలేదు. ఇన్నేళ్ళ తరవాత నన్ను బాధపెట్టేది అదే. మేనేజరు అన్నది నిజం: గడువు తప్పితే ఆ బోర్డు మళ్ళీ మన మొహం చూడదు, షామీర్‌పేటలో ఉన్న మనుషులు కూడా ఇక్కడ కావాలి. నేను చెప్పిందీ నిజం: కాలిన మీటర్లలో తప్పు చిప్పుది కాదు, వైర్లది. ఇంజినీరు అడిగిందీ న్యాయమే.

"కొత్త పెట్టె ఒక్కటి ఇప్పించుండ్రి సార్. వానకాలం పోయేలోపు మళ్ళ చేసి చూపిస్త" అన్నాడు.

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చేద్దాం నాయనా. నువ్వు చేస్తావని నాకు తెలుసు. ముందు ఈ ఆర్డరు గట్టెక్కనీ. అందాకా ఆ షెడ్డు మూసి, నువ్వు కూడా ఇక్కడికి వచ్చెయ్" అన్నారు. తరవాత అక్కవైపు తిరిగి, గడువులోపు అవుతుందా అమ్మా అని అడిగారు.

అయితది అని చెప్పింది అక్క. చెప్పి, లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఆర్డరు అయినంక ఏం జేస్తం సార్?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. తన హాల్లో ఉన్నవాళ్ళ గురించి ఆమెకు తెలుసుకోవాలని ఉంది, అంతే. పెద్దసారు కొంచెం తడబడి, అయ్యాక చూద్దాం లేమ్మా అన్నారు. ఆమె సరే సార్ అని వెళ్ళిపోయింది.

ఆర్డరు గడువులోపే పూర్తిచేశాం. లారీలు లోడవుతుంటే ఇంజినీరు గోదాము దగ్గర నిలబడి పెట్టెలు సరిచూసేవాడు. చివరి లారీ వెళ్ళిన వారానికి రాజీనామా ఇచ్చి, వేరే ఊళ్ళో ఎలక్ట్రానిక్ మీటర్లు చేసే కంపెనీలో చేరాడు. పెద్దసారు ఆపడానికి చాలా ప్రయత్నించారు. ఈసారి కొత్త పెట్టె కూడా ఇస్తామన్నారు.

చాలా ఏళ్ళకు మేడ్చల్ స్టేషన్లో కనిపించాడు. జుట్టు నెరిసింది, పెద్ద హోదాలో ఉన్నాడు. టీ తాగుతూ, ఎందుకు వెళ్ళిపోయావని అడిగాను.

"మీటర్లు కాలినందుకు గాదు సార్. ఆ పొద్దుగాల నేను లోపటికొచ్చేసరికి మీరంత మిఠాయి తింటున్నరు."

అవి ఆర్డరు లడ్డూలని చెప్పాను. "ఎరుకనే సార్. ఆ పొద్దే తెలిసింది" అన్నాడు. "తెలిసినా మనసుకు పట్టలె." రైలు వచ్చింది. నా చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. తరవాత ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ పెద్ద ఆర్డరు తరవాత ఇంకో మూడు నాలుగేళ్ళు మీటర్లు అమ్ముడయ్యాయి, ప్రతి ఏడూ కొంచెం తక్కువగా. రెండు వేల సంవత్సరం దాటాక ఒక్కొక్క విద్యుత్ సంస్థా టెండర్లలో చక్రం మాటే తీసేయడం మొదలుపెట్టింది. అప్పుడు పెద్దసారు మళ్ళీ కదిలారు. కానీ ఆసరికి మా దగ్గర ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళు లేరు. బయటినుంచి తయారైన బోర్డులు కొని, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, మా పేరు అంటించి పంపేవాళ్ళం. ఆ పని దేశంలో ఎవరైనా చేయగలరు, చాలామంది చేశారు కూడా. నాలుగు స్క్రూలు బిగించడానికి అడ్జస్ట్‌మెంట్ హాలు అక్కర్లేదు. కాంట్రాక్టు మనుషులు వరండాలో కూర్చుని బిగించేవారు. హాల్లో ఒక్కొక్క బల్లే ఖాళీ అయింది. అక్క ఖాళీ అయిన బల్లను కూడా రోజూ తుడిపించేది.

హాలు మూసేస్తున్నట్టు పెద్దసారే వచ్చి చెప్పారు. ఇంకొకరితో చెప్పించలేదు, అది ఆయన గొప్పతనం. చెప్పులు బయట విడిచి, తలకు గుడ్డ కట్టుకుని లోపలికొచ్చి, మధ్యలో నిలబడి చెప్పారు. ఎవరూ ఏడవలేదు. ఒకావిడ మాత్రం చేతిలో ఉన్న చక్రాన్ని అమర్చడం పూర్తిచేసి గాని తల ఎత్తలేదు.

తరవాత కొన్నాళ్ళకు అక్క నా గదికొచ్చింది. షామీర్‌పేట అవతల గాజు సీసాల్లో మొక్కలు పెంచే కంపెనీ ఒకటి పెట్టారని, అక్కడ ఆడవాళ్ళను తీసుకుంటున్నారని ఆమె చుట్టం ఒకామె చెప్పిందట. "మేం ఏం పని జేసినమో నాకు ఇంగ్లీషుల జెప్పరాదు సార్. మీరు రాండ్రి. మా పిల్లలకు ఒక మాట సాయం జేయుండ్రి" అంది. పెద్దసారును అడిగితే కంపెనీ వ్యాను ఇచ్చారు. హాల్లో మిగిలినవాళ్ళను ఎక్కించుకుని ఒక ఉదయం వెళ్ళాం. దారిలో, ఒకప్పుడు మేం అద్దెకు తీసుకున్న షెడ్డు ముందునుంచే వెళ్ళాం. అక్కడ కోళ్ళ దాణా బస్తాలు వేసి ఉన్నాయి.

ఆ మొక్కల కంపెనీలో ల్యాబ్ చూసే ఆవిడ చిన్నవయసు మనిషి, మర్యాదస్తురాలు. మేం చేసిన పని నాకు చేతనైనట్టు వివరించాను. ఆమె విని, మాటలతో పనేముంది, ఒకసారి చేసి చూడమనండి అంది. మావాళ్ళు గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి, తలకు గుడ్డ కట్టుకున్నారు. అది చూసి ఆవిడ కొంచెం ఆగింది.

నేను అద్దం ఇవతలినుంచి చూశాను. సీసాలో అరటి మొక్క పిలక, వేలి గోరంత. దాన్ని చిమటాతో పట్టుకుని, నలగకుండా బయటికి తీసి, బ్లేడుతో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ కొత్త సీసాలో నాటాలి. ఊపిరి తగిలినా, దుమ్ము పడ్డా బూజు పట్టి చచ్చిపోతుంది. మావాళ్ళు ఊపిరి పక్కకు తిప్పి వదులుతూ, తడబడకుండా చేసుకుపోతున్నారు.

ఆ అద్దం దగ్గర నిలబడి ఉన్నప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. మాకు మీటర్లు చేయడం వచ్చుననే అన్నేళ్ళూ అనుకున్నాం. మీటరుకు కాలం చెల్లిపోతే మా విద్యకూ చెల్లిపోయినట్టే లెక్క వేసుకున్నాం. చిప్పు ఎలా చేయాలి, పెట్టె ఎలా పోయాలి అని గంటలకొద్దీ మాట్లాడుకున్నాం గాని, దుమ్ము లేని గదిలో ఆవగింజంత వస్తువును నలగకుండా నిలబెట్టగల మనుషులు ఇంతమంది మన దగ్గర ఉన్నారు, వీళ్ళతో ఇంకేం చేయగలం అని పెద్దసారు గదిలో ఒక్కరోజు కూడా అనుకోలేదు. అనుకుంటే కంపెనీ నిలబడేదని నేను చెప్పను. అంత తేలికైతే పెద్దసారుకు తట్టకపోయేది కాదు. మీరు పనిచేసే చోట ఇలాంటి రోజు వచ్చినప్పుడు ఈ ప్రశ్న కూడా ఒకటి వేసుకోండని మాత్రం చెబుతున్నాను.

ల్యాబ్ ఆవిడ బయటికొచ్చి, అందర్నీ తీసుకుంటామంది. తరవాత గొంతు తగ్గించి, పెద్దావిడను తప్ప అని చెప్పింది. అక్క చేయి వణకలేదు. కానీ పిలక ఎక్కడ తెగాలో చూడటానికి సీసాను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటోంది. ఏళ్ళ తరబడి ఆ రాళ్ళవైపు చూసీ చూసీ కళ్ళు అరిగిపోయాయి. కళ్ళద్దాలతో కూడా సరిపోయేలా లేదు.

ఆ సంగతి తెలిసి మావాళ్ళు తలగుడ్డలు విప్పేశారు. అక్క లేనిచోట మాకు పని వద్దని గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరికి భర్తలు లేరు.

అక్క వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. హాల్లో ఇన్నేళ్ళలో ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. అప్పుడూ పెంచలేదు.

"నా కండ్లు పోయినయి. మీ చేతులు పోలె. గుడ్డలు గట్టుకొని పోయి కూసోండ్రి."

వాళ్ళు కదల్లేదు. ఆమె అందరికంటే చిన్నామె చేతిలోంచి గుడ్డ తీసుకుని, తలకు చుట్టి, చెవి పక్కన ముడి వేసింది. అప్పుడు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. ఆ రోజునుంచే పనిలో ఉండమన్నారు. సాయంత్రం వాళ్ళ కంపెనీ బండే ఊళ్ళకు దింపుతుందని చెప్పారు.

మేమిద్దరం వచ్చి వ్యానులో కూర్చున్నాం. పెద్దసారుతో మాట్లాడి ఆమెకు గోదాములో ఏదైనా పని చూస్తానన్నాను. ఇంటికాడ పొలం ఉంది సార్, నాట్లకు కండ్లద్దాలు గావాల్నా అంది.

డ్రైవరు అద్దంలోంచి ఖాళీ సీట్లు చూసి, మిగతావాళ్ళు వచ్చేదాకా ఆగాలా అని అడిగాడు.

"వాళ్ళు పనిల ఉన్నరు" అంది అక్క. "నువ్వు పోనియ్యి."